రెండో గేరులో గరగర

ప్రతి శనివారం పొద్దున గ్యారేజీ షట్టరు సగం లేస్తుండగానే వీధి మలుపులో గర్ర్‌మని చప్పుడయ్యేది. "వచ్చిందిరా నీ ముసలి కారు," అనేది కౌంటరు దగ్గర నట్లూ బోల్టులూ అమ్మే మేనత్త. మెకానిక్ గబగబా చేతులు తుడుచుకునేవాడు. ఇంకా గ్రీజు అంటని చేతులు తుడుచుకుంటున్నాడని అత్త గమనించింది గానీ అతను గమనించలేదు.

ఆ కారు కళ్ళజోళ్ళ కొట్టు నడిపే ఆవిడది. తండ్రి పోయాక ఆవిడకీ తమ్ముడికీ ఉమ్మడిగా మిగిలింది. ఆ ఇంటి ఆడవాళ్ళు సంతోషమొస్తే పొట్టిగా అయిపోతారు. మామూలు సంతోషానికి బెత్తెడు, గట్టి సంతోషానికి జానెడు. దిగులు పడితే మళ్ళీ పూర్తి ఎత్తు. ఇది ఊరందరికీ తెలిసిందే. పెళ్ళి ఫోటోలో వాళ్ళమ్మ పీట మీద నిలబడి ఉంటుంది. దర్జీ అయితే ఆవిడ కొలతలు తీసుకునే ముందు ఏదో ఒక చెడ్డవార్త చెప్పేవాడు.

రెండో గేరు వేస్తే పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు. మెకానిక్ గేరు ఆయిలు మార్చాడు, క్లచ్ ప్లేటు విప్పి చూశాడు. పెడల్‌కి ఎంత ఆట, అంటే వదులు, ఉందో వేలితో నొక్కి చూసి, కిందికి దూరి రాడ్డు మీది నట్టు కాస్త బిగించాడు. ఆ తర్వాత తనే నడిపి చూశాడు. నడిపి చూసేటప్పుడు స్టీరింగు ఇంకొకరి చేతికివ్వడు, అది అతని పద్ధతి. అతను నడిపితే గేరు వెన్నలా పడేది. ఆవిడ నడుపుకుంటూ ఇంటికెళ్ళినా కిమ్మనేది కాదు. మళ్ళీ శనివారం మామూలే.

ఒక శనివారం ఆవిడ ముఖం వేలాడేసుకుని దిగింది. రేపు ఒకాయన కారు కొందామని చూడటానికి వస్తున్నాడట. ఆ గేరు పళ్ళు అరిగిపోతే ఎక్కడా దొరకవు, రేపు నేనే వెనక కూర్చుంటాను, ఒక్కసారి గర్రుమన్నా ఆయనకి ఇచ్చేద్దాం అన్నాడట తమ్ముడు. ఆవిడ ఒప్పుకుంది. నాన్న డ్రైవింగు నేర్పిన కారు పోతుందని చెబుతూ చెబుతూ నిలువెత్తు మనిషైపోయింది.

మెకానిక్ వెంటనే నడిపి చూద్దామనుకున్నాడు. కానీ ముందురోజే జాకీ జారి ఎడమపాదం వాచి కట్టు కట్టుకున్నాడు. క్లచ్ తొక్కలేడు. గత్యంతరం లేక మొదటిసారి పద్ధతి తప్పి, స్టీరింగు ఆవిడకిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

వీధి దాటారో లేదో, గర్ర్.

అతను వంగి చూశాడు. పెడల్ మీద ఆవిడ బూటు కొస మాత్రమే ఆనుతోంది, క్లచ్ సగమే దిగుతోంది. ప్యాంటు అంచులు మడమలు దాటి వేలాడుతున్నాయి.

"అడుగుదాకా తొక్కండి."

"తొక్కుతూనే ఉన్నానండీ."

"అందట్లేదు మీకు. పొట్టిగా అయ్యారు. ఇంటికెళ్ళేటప్పుడు చప్పుడు రాదా?"

"రాదు."

"కొట్టుకి వెళ్ళేటప్పుడు?"

"రాదు."

"మరెక్కడ మొదలవుతుంది?"

ఆవిడ రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "మీ వీధి మలుపులో."

మెకానిక్ పద్ధతి ప్రకారం ఆలోచించాడు. ప్లేటు కాదు. రాడ్డు కాదు. ఆయిలు కాదు. ఒక్కొక్కటే పక్కన పెడుతూ పోతే చివరికి మిగిలింది తనొక్కడే.

"ముందే చెప్పకపోయారా?"

"చెబుదామనుకునేసరికి మీరు కారు కిందికి దూరిపోయేవారు."

తిరిగొచ్చాక అత్త తలెత్తకుండానే అడిగింది, రోగం దొరికిందా అని. దొరికిందన్నాడు. "మన గుమ్మంలో గ్రీజంతా ఆవిడ ప్యాంటు అంచులకి అంటుతుంటే నాకెప్పుడో దొరికింది. కార్ల కింద తప్ప ఎక్కడా చూడవు కదరా నువ్వు," అని చెక్కముక్క ఒకటీ పొడుగు స్క్రూలూ అతని ముందు పడేసింది.

అతను చెక్కని పెడల్‌కి బిగించాడు. అనవసరంగా బిగించిన నట్టుని మళ్ళీ వదులు చేశాడు.

మర్నాడు తమ్ముడూ, కొనడానికొచ్చినాయనా వెనక కూర్చున్నారు. మెకానిక్ కట్టుకాలితో ముందు కూర్చున్నాడు. ఎదురొచ్చేవాళ్ళకి ఆవిడ నుదురూ, కళ్ళజోడు పైఅంచూ మాత్రమే కనిపించాయట. ఊరంతా తిరిగినా హారను తప్ప కారు నోరెత్తలేదు. తమ్ముడు చెవులు రిక్కించి రిక్కించి చివరికి నిద్రపోయాడు. వచ్చినాయన మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆ చెక్క మీద ఇంకో చెక్క చేరింది. కొన్నాళ్ళకి మెకానిక్ ఇంట్లో వంటగది అరలన్నీ జానెడు కిందికి దిగాయి. దగ్గరుండి మేకులు కొట్టింది మేనత్తే. గిన్నె కావాలన్నా గ్లాసు కావాలన్నా మెకానిక్ నడుం వంచాల్సిందే. కార్ల కింద దూరడం అలవాటైన మనిషి కాబట్టి పెద్దగా కష్టపడలేదు.