మొగిలయ్య వెతికిన పుస్తకం

నాలుగో బీరువా పై అరను తడిగుడ్డతో తుడుస్తూ మొగిలయ్య తుమ్మి తుమ్మి అలసిపోయాడు. పొట్టి మనిషి. ముక్కు మీదికి జారే కళ్లద్దాలను భుజంతోనే పైకి నెట్టుకుంటాడు. ఆ సాయంత్రంతో యూనివర్సిటీ లైబ్రరీలో అతని అటెండర్ ఉద్యోగం అయిపోతుంది. ఇన్నేళ్లలో తన చేతుల్లో ఒక్క పుస్తకమూ పోలేదన్నది అతని గర్వం. భార్య కట్టమ్మకు ఆ మాట ఏనాడో కంఠతా వచ్చేసింది.

అప్పుడే పీహెచ్‌డీ విద్యార్థిని రుహీ వచ్చి, కేసముద్రం పత్తి బజారు చరిత్ర మీద ఉన్న పుస్తకం కావాలంది. థీసిస్‌లో దాన్ని అప్పటికే ఉదహరించిందట, పేజీ నంబరుతో సహా. పేజీ నంబరు కూడా ఉన్న పుస్తకం ఎక్కడికి పోతుందని మొగిలయ్య నిచ్చెన ఎక్కాడు.

కంప్యూటర్ కేటలాగులో దాని పేరు కనిపించలేదు. కరెంటు పోతే తన పేరే మరిచిపోయే కంప్యూటర్‌కు ఏం తెలుసని కొట్టిపారేశాడు. బీరువాల వెనక చూశాడు, బైండింగ్ కోసం కట్టిన మూటలు విప్పాడు. ఈ హడావిడి చూసి ఇద్దరు స్కాలర్లు, దొరికితే తర్వాత తమకేనని ముందే చెప్పి పెట్టుకున్నారు. రుహీ గైడ్ రాజేశ్వర్ రావు సారు అటుగా వచ్చి, మంచి పుస్తకమని, తానెప్పుడో చదివానని, అట్ట ఎర్రగా ఉంటుందని కూడా సెలవిచ్చారు. దాంతో మొగిలయ్య గుండె జారిపోయింది. పుస్తకం ఉండేదన్నమాట. పోయింది తన హయాంలోనే. మధ్యాహ్నం అన్నం గిన్నె మూత కూడా తీయలేదు.

సన్మానానికి పూలదండ వచ్చేసరికి అతను బల్ల కింద బోర్లా పడుకొని వెతుకుతున్నాడు. రుహీ ఇక చూడలేకపోయింది. పక్కనే చతికిలబడింది.

"కాకా, లే. ఆ పుస్తకం పేరు ఏఐ చెప్పింది. నేను కంటితోని చూడలే. పేజీ నంబర్ సుత అదే ఇచ్చింది. ఇప్పుడు గట్టిగ అడిగితే, మాఫ్ చేయమంటాంది."

మొగిలయ్య బల్ల కింది నుంచే తల బయటపెట్టాడు. "మరి సారు ఎర్ర అట్ట అన్నడు గద, బిడ్డా?"

రుహీ అతని చెయ్యి పట్టి బయటికి లాగింది.

"అయితే నా చేతుల ఏం పోలే," అన్నాడు మొగిలయ్య. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత సంతోషం అతనికి పూలదండ వేసినప్పుడు కూడా కలగలేదు.

రుహీకి మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. ఆ పుస్తకం ప్రస్తావన తీసేస్తే ఒక అధ్యాయమంతా కూలుతుంది, థీసిస్ ఈ ఏడాది ఇవ్వడం కుదరదు. అయినా వెళ్లి సారుతో ఉన్నదున్నట్టు చెప్పి తీసేసింది. తాను చదివింది ఇంకేదో ఎర్ర పుస్తకమై ఉంటుందని సారు గొణిగారు.

మొగిలయ్య దండ మెడలోనే ఉంచుకొని, ఆటో ఎక్కి మట్టెవాడలోని ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు ఆ ఇద్దరు స్కాలర్లు వెతుక్కుంటూ వస్తే, పత్తి పుస్తకాల నడుమ ఒక అట్టముక్క నిటారుగా నిలబెట్టి ఉంది. దాని మీద వంకర టింకర అక్షరాలు: "ఈ పుస్తకం పుట్టనే లేదు. పరేషాన్ కావద్దు."