జున్ను ఎదురొచ్చింది

వెంకటరావమ్మ గారు పిల్లికి కూడా బిచ్చం పెట్టదని ఊరంతా అంటారు. పెట్టకపోతే పోనీ, ఇంట్లో జరిగే ప్రతి నష్టమూ పిల్లి నెత్తిన రుద్దడం ఏం న్యాయమండీ? ఆ ఉదయం ఆవిడ మిరప కల్లానికి బయలుదేరుతుంటే, మనవరాలు బిందుమాధవి పెంచుకునే పిల్లి జున్ను ఎదురొచ్చింది. ఆవిడ వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగి మరీ వెళ్ళింది. అయినా వాన కురిసింది. ఆరబోసిన కాయలన్నీ తడిశాయి.

“రేపు గనక మళ్ళీ ఎదురొచ్చిందా, గోతంలో వేసి మార్టూరు పోయే రాళ్ళ లారీ ఎక్కించేస్తా!” అంటూ ఆవిడ ఒక ఖాళీ గోతం తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది.

మూడో తరగతి చదివే బిందుకి ఏడుపు ఆగలేదు. జున్ను లేని ఇంట్లో తనూ ఉండకూడదనుకుంది. నాయనమ్మకు ఎదురు రావద్దని నచ్చజెబుదామని జున్నును పట్టుకోబోతే, అది పత్తి గదిలోకి పరుగెత్తింది. రేటు పెరిగేదాకా అమ్మకూడదని నాన్న ఆ గదినిండా పత్తి పోశాడు. జున్ను అందులో దూకింది. వెనకే బిందూ దూకింది. మునిగింది, మునిగింది, ఇంకా మునిగింది. చివరికి అవతల తేలింది.

అవతల పిల్లుల ఊరు. డప్పులతో పెళ్ళి ఊరేగింపు వస్తోంది. తలపాగా చుట్టుకున్న పెళ్ళికొడుకు పిల్లి మహా టెక్కుగా నడుస్తున్నాడు. ఒంటినిండా పత్తి అంటుకున్న బిందు సరిగ్గా వాళ్ళకి అడ్డంగా వచ్చి నిలబడింది.

డప్పులు ఆగిపోయాయి.

“మనిషి ఎదురొచ్చింది! ఇంకేం పెళ్ళి!” అని పెళ్ళికొడుకు మేనత్త శోకాలు మొదలుపెట్టింది. తెల్లమీసాల పెద్దపిల్లి తోకతో నేలను కొట్టాడు.

“దీన్ని గోతంలో వేసి కుక్కలపేట పంపండ్రా!”

బిందు రెండడుగులు వెనక్కి వేసింది. “నేనేం చేశానండీ? నా దారిన నేనొచ్చాను!” అంది.

“నేనూ రోజూ అదే అంటున్నా. మీ నాయనమ్మకి అర్థం కావట్లా,” అంది పక్కనుంచి జున్ను.

బిందు కళ్ళు తుడుచుకుంది. “మా నాయనమ్మయితే కాసేపు కూర్చుని నీళ్ళు తాగుద్దండీ. దోషం పోద్ది.”

“నీళ్ళా!” పిల్లులన్నీ మూతి తిప్పుకున్నాయి.

“పోనీ, పాలు తాగండి.”

పెద్దపిల్లి మీసం దువ్వాడు. “శాస్త్రంలో ఉన్నట్టే ఉంది,” అన్నాడు.

విందుకని కాచిన పాల గంగాళం అక్కడికే తెచ్చారు. అందరూ కళ్ళు మూసుకుని తాగారు. కళ్ళు మూసుకుంటే ఎవరికీ కనపడమని వాళ్ళకి గట్టి నమ్మకం. తాగడం అయ్యాక పెళ్ళికొడుకే మూతి నాక్కుంటూ అడిగాడు.

“అమ్మాయ్, ఇంకోసారి ఎదురు రావూ?”

బిందు కాళ్ళు నొప్పి పుట్టేదాకా ఎదురొచ్చింది. గంగాళం ఖాళీ అయ్యాక గానీ పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ సందట్లో బిందూ జున్నూ పత్తిలో దూరి ఇల్లు చేరారు.

మర్నాడు నాయనమ్మ చెప్పులు వేసుకోగానే జున్ను తోక నిలబెట్టుకుని ఎదురొచ్చింది. పిల్లి బుద్ధి పిల్లిదే కదా! ఆవిడ చెయ్యి గోతం మీద పడేలోగా బిందు గ్లాసు నీళ్ళూ, చిన్న బెల్లం ముక్కా పట్టుకొచ్చింది. నాయనమ్మకు షుగరని అమ్మ డబ్బాలో పెట్టి అటక మీద దాచిన బెల్లం అది.

“ఉత్త నీళ్ళు చాలవంట నాయనమ్మా. తియ్యనిది తింటేనే దోషం పోద్దంట.”

“ఎవరు చెప్పారే?”

“తెల్లమీసాల పెద్దాయన.”

నాయనమ్మ వంటింటి వైపు ఓసారి చూసింది. అరుగు మీద కూర్చుంది. బెల్లం నోట్లో వేసుకుని గట్టిగా కళ్ళు మూసుకుంది.

ఆ మర్నాడు బిందు లేచేసరికి గుమ్మం పక్కన గోతం లేదు. నాయనమ్మ చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఎండెక్కుతోంది, కల్లంలో కూలీలు కాచుకుని ఉన్నారు. అయినా ఆవిడ కదలడం లేదు.

“ఏమే బిందూ,” అని గొంతు తగ్గించి పిలిచింది. “నీ పిల్లేదే? ఇంకా ఎదురు రాలేదేం?”