అప్పాజీ గారి నిద్రవైద్యం

నాకు వచ్చిన విద్య ఒక్కటే, నిద్ర. ఎడ్లబండిలో నిద్రపోయాను, కోర్టులో నా దావా విచారణకు వచ్చినప్పుడు నిద్రపోయాను, నా పెళ్ళిలో పురోహితుడు మంత్రాలు చెబుతుంటే కూడా ఓ కునుకు తీశాను. అలాంటి నాకు వీపున సెగ్గడ్డ లేస్తే, కోసి, రాజమండ్రి ఆసుపత్రిలో బోర్లా పడుకోబెట్టారు. బోర్లా కూడా హాయిగానే నిద్ర పట్టింది.

పక్క మంచం మీద సత్తియ్య. గోదావరిలో చేపలు పట్టుకునేవాడు. పడవ దెబ్బతిని పక్కటెముకలు విరిగాయి. జ్వరం, ఆయాసం. వచ్చినప్పటి నుంచీ కన్ను మూయలేదు.

"నల్లమందు ఇస్తే నిద్రపోతాడు గాని, ఈ ఆయాసంలో ఊపిరే ఆగిపోవచ్చు. తనంతట తను నిద్రపోవాలి. లేకపోతే గుండె తట్టుకోదమ్మా" అని అతని భార్య లోవమ్మతో డాక్టరు గారు చెప్పారు.

లోవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు జాలేసింది. జాలితో పాటు గర్వం కూడా లేచింది, అబద్ధమెందుకు.

"ఏడవకు లోవమ్మా. నిద్ర సంగతి నాకొదిలెయ్" అన్నాను.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను, బోర్లా పడుకునే. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టించాను. అతని అరికాళ్ళకు ఆముదం రాయించాను, గోరువెచ్చని పాలు పట్టించాను, చెవుల్లో దూది పెట్టించాను. వార్డులో ఎవరైనా దగ్గితే గద్దించాను. చివరికి, "ఇప్పుడు ఒళ్ళు వదిలెయ్యాలి సత్తియ్యా. ఇదిగో, నన్ను చూడు" అని కళ్ళు మూసి చూపించాను.

తెరిచేసరికి దీపాలు పెట్టేశారు. సత్తియ్య నన్నే చూస్తున్నాడు.

మర్నాడు ఆముదం రెట్టింపు చేశాను. మళ్ళీ చూపించాను, మళ్ళీ నేనే నిద్రపోయాను. లేచేసరికి అతని పెదవులు నల్లబడ్డాయి. లోవమ్మ నన్నేమీ అడగడం మానేసింది. మాట ఇచ్చి మనిషిని చంపుతున్నానేమోనని నాకు భయం పట్టుకుంది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

"ఏంటి సత్తియ్యా, నిద్ర రావట్లేదా, నువ్వే రానివ్వట్లేదా?" అని గట్టిగా అడిగాను. చెవుల్లో దూది ఉందని అప్పుడు గుర్తొచ్చింది. దూది తీయించి మళ్ళీ అడిగాను.

"వత్తందండి. మీరు పడుకున్నాక నేనెలా పడుకుంటానండి? పడవలో ఇద్దరూ ఒక్కసారి కన్ను మూయకూడదండి. ఒకళ్ళు పడుకుంటే ఒకళ్ళు మేలుకుని తెడ్డుతో చెక్క మీద కొడతా ఉండాలి. ఆ చప్పుడుంటేనే రెండోవోడికి నిద్ర. మొన్న మా తమ్ముడూ నేనూ ఇద్దరం కునికితేనేనండి పడవెళ్ళి ఆనకట్టకి కొట్టుకుంది. ఆడు ఎలాగో ఒడ్డెక్కాడు. మీరు గుర్రెట్టగానే ఇక కాపలా నాదే అనిపిత్తదండి."

"నేను మేలుకునే ఉన్నాను కదయ్యా!" అంది లోవమ్మ.

"నీకు తెడ్డు పట్టడం వచ్చేంటి?"

నాకు మాత్రం వచ్చేంటి? ఆ మాట పైకి అనలేదు.

"పడుకో. ఈ పూట కాపలా నాది" అని ఇత్తడి గ్లాసు తీసుకుని ఇనుప మంచం మీద కొట్టాను. కాస్త ఆగి మళ్ళీ కొట్టాను. సత్తియ్య కళ్ళు వాలిపోయాయి. వార్డంతా నన్ను తిట్టుకుంది. పాలేళ్ళు కాయడమే గాని నా పొలానికి నేనెన్నడూ కాపలా కాయలేదు. నిద్ర ముంచుకొస్తుంటే తొడ గిల్లుకున్నాను, లోవమ్మ చేత మొహాన నీళ్ళు కొట్టించుకున్నాను. గ్లాసు సొట్టపోయింది గాని చప్పుడు ఆపలేదు.

తెల్లవారాక డాక్టరు గారు వచ్చి సత్తియ్య చెయ్యి పట్టి చూశారు. "జ్వరం దిగింది. బతుకుతాడమ్మా" అన్నారు. లోవమ్మ నవ్వుతూనే ఏడ్చింది. నేనింకా కొడుతూనే ఉన్నాను.

సత్తియ్య కళ్ళు తెరిచి, చెయ్యి చాపి నా గ్లాసు అందుకున్నాడు.

"ఇక నా వంతండి. మీరు పడుకోండి, ఆయ్."

నా ధాన్యానికి కాపలా కాసినవాళ్ళున్నారు గాని, నా నిద్రకు కాసినవాడు ఇతనొక్కడే. నాకు కళ్ళు చెమర్చాయి. "నాకు నిద్ర రావట్లేదులే, నువ్వే పడుకో" అందామనుకున్నాను. మాట సగంలో ఉండగానే గుర్రు మొదలైందని లోవమ్మ తర్వాత చెప్పింది.