ఇత్తడి మడత

తుపాకీ గుండ్లు నొక్కే ప్రెస్సు పిడి కిందికి లాగేటప్పుడు నెల్డా ఊపిరి బిగబట్టుకుంటుంది. అచ్చు లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు. చెవితోనూ అరచేతితోనూ చూడాలి. ముందు మెత్తగా దిగుతుంది. ఆపైన ఇత్తడి అచ్చు గోడలను ఒరుసుకుంటూ సన్నగా కిర్రుమంటుంది. చివర్న, అవతలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు పిడి బరువెక్కి ఆగిపోతుంది. అక్కడ ఒక్క క్షణం నిలిపి మళ్ళీ పైకెత్తితే గుండు బయటికొచ్చి చేతిలో పడుతుంది, అప్పుడే పెట్టిన గుడ్డులా గోరువెచ్చగా.

“మెల్లిగా,” అన్నాడు ఆమె భర్త ఆర్విల్, గోడవార కుర్చీలోంచి.

“మెల్లిగానే లాగుతున్నాను. నీకు వినబడటం లేదా?” అంది నెల్డా వెనక్కి తిరక్కుండానే.

పక్షవాతం వచ్చాక ఆర్విల్‌కు మిగిలిన మాటలు మూడే. ఊఁ, కాదు, మెల్లిగా. కుడి చెయ్యి ఒళ్ళో ఎవరో మరిచిపోయి వెళ్ళిన చేతి తొడుగులా పడి ఉంటుంది. కుడికాలు ఈడ్చుకుంటూ, ఎడమచేత్తో కర్ర పట్టుకుని, పెరట్లోని షెడ్డు దాకా మాత్రం నడవగలడు. రంపం మిల్లు మూతపడేదాకా అందులో మరమ్మతుల పని చేసినవాడు. ఈ ప్రెస్సు కూడా మిల్లు పాత ఇనుము తెచ్చి తన చేతుల్తో తయారుచేసుకున్నదే. అచ్చులు తనే కోసుకున్నాడు, తనే నునుపు పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో నెల్డా ఆ షెడ్డులోకి అడుగుపెట్టింది భోజనానికి పిలవడానికే.

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన ఏడాది ఊరి దుకాణంలో తూటాల అరలు ఖాళీ అయిపోయాయి. తూటాలే కాదు, తూటా కొసన బిగించే గుండ్లు కూడా దొరకడం మానేశాయి. గ్యాసు లారీ నడిపే హాలిస్ వచ్చి, తుపాకీ క్లబ్బు వాళ్ళందరి తరఫునా, ఆ ప్రెస్సు తమకిచ్చేయమని మర్యాదగానే అడిగాడు. ఆర్విల్ లేచి వెళ్ళి ఎడమచేత్తో పిడి పట్టుకున్నాడు. వదల్లేదు. హాలిస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, వెళ్ళిపోయాడు. అప్పుడు నెల్డా, “అయితే నాకు నేర్పు,” అంది. ఆయన్ను ఓదార్చడానికి అన్న మాటే అది. కానీ అన్నాక, అందులో నిజంగా ఏముందో చూడాలనిపించింది.

నేర్పడమంటే చిన్న పని కాదు. పేలిన తూటాల ఇత్తడి గొట్టాలను హాలిస్ కాఫీ డబ్బాల్లో పోసుకుని తెచ్చేవాడు. మట్టి, గడ్డిపోచలు, అప్పుడప్పుడూ చీమలు. వాటిని కడిగి, ఎర్రగా కాల్చి, నీళ్ళలో వేసి మెత్తబరిచి, సీసం ముక్కను లోపల కూర్చి, అచ్చులో నొక్కితే ఆ గొట్టమే గుండుకు తొడుగవుతుంది. ఎక్కడ తప్పు జరిగినా ఆర్విల్ “కాదు” అనేవాడు. ఏది కాదో చెప్పలేక కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇనుమును కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది గదా, ఇత్తడి ఎందుకు మెత్తబడుతుంది అని నెల్డా అడిగిన రోజున ఆయన నోరు తెరిచి, మూసి, కర్రతో నేలను కొట్టాడు. ఆనాటి నుంచి ఆమె అడిగే పద్ధతి మార్చుకుంది. వేడి ఎక్కువైందా? కాదు. తక్కువైందా? కాదు. సీసం ఎక్కువైందా? ఊఁ. అలా ఒక్కో ప్రశ్నా తడుముకుంటూ, చీకటింట్లో గోడ పట్టుకుని నడిచినట్టు, ఇద్దరూ కలిసి ఆ పనిని ఒక దారికి తెచ్చారు. చెడిపోయిన గుండ్లను ఆమె పారేసేది కాదు. రంపంతో నిలువునా కోసి, లోపల సీసం ఎక్కడిదాకా వెళ్ళిందో, తొడుగు ఎక్కడ ముడతపడిందో భూతద్దం పెట్టి చూసేది. ఆర్విల్ కూడా మెడ చాచి చూసేవాడు. అంతకుముందు ఎన్నేళ్ళలోనూ వాళ్ళిద్దరూ ఒకే వస్తువును అంతసేపు కలిసి చూసి ఉండరు.

పని వేళ కావడంతో నెల్డా చేతులు కడుక్కుంది. ఆయనకు ఓట్స్ జావ పెట్టి, రేడియో పక్కన కూర్చోబెట్టి బయల్దేరింది.

వృద్ధాశ్రమం బట్టలుతికే గది నేలమాళిగలో ఉంటుంది. అక్కడ యంత్రాలు ఉతుకుతాయి, ఆరబెడతాయి. మడతలు మాత్రం నెల్డావి. దుప్పటి అంచును గడ్డం కింద నొక్కి పట్టి, చేతులు బార చాపి, మూలకు మూల కలుపుతుంది. ఆపై ఒక విదిలింపు, ఒక మడత, మళ్ళీ ఒక మడత. పెళ్ళికి ముందు హోటల్లో చేసింది ఇదే పని. పిల్లలు కలగని ఏళ్ళలో చేసింది ఇదే. మిల్లు మూసేసినప్పుడు ఇల్లు గడిచిందీ దీనితోనే. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ వంకపెట్టలేదు. మడత సరిగ్గా ఉన్న దుప్పటిని జనం చూడరు, పరుచుకుంటారు.

జేబులు వెతకడం ఒక్కటే ఆమెకు అక్కడి సరదా. చొక్కాల్లో, గౌన్లలో ఏవేవో దొరుకుతాయి. సగం కొరికిన బిస్కత్తు, గుర్రం బొమ్మ గుండీ, ఒకసారి కట్టుడు పన్ను. అది ఎవరిదో తెలుసుకోకపోతే ఆమెకు తోచదు. పైకి వెళ్ళి మంచం మంచానికీ తిరిగి అడుగుతుంది. ఆ రోజు ఒక స్వెట్టర్ జేబులో ఎండిన ఆప్రికాట్ గింజ దొరికింది. దాని యజమానురాలు దాన్ని గుప్పిట్లో మూసుకుని, ఇది నాటాలి, నేలలో మంచు పోయిందా అని అడిగింది. పోయిందని నెల్డా చెప్పింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి హాలిస్ లారీ వాకిట్లో ఉంది. క్లబ్బులో ఆ రోజు పోటీ. వారమంతా చేసిన గుండ్లు పట్టుకెళ్ళడానికి వచ్చి, పొట్లం కట్టిన జింక మాంసం వంటింటి బల్ల మీద పెట్టాడు. నెల్డా సూపు వేడిచేసి, జున్ను పెట్టి రొట్టె కాల్చి ఆర్విల్ ముందుంచింది. గుండ్ల డబ్బా హాలిస్ చేతికిస్తూ అడిగింది.

“ఇవి అక్కడికెళ్ళాక ఏమవుతాయి?”

“ఏమవుతాయి, తూటాలకు బిగించి పేలిస్తే గురిబొమ్మలో చిల్లు పెట్టి మట్టికట్టలో దూరతాయి.”

“దూరాక?”

“దూరాక ఎవరు చూశారు? మూడేళ్ళుగా చేస్తున్నారు గదా, వచ్చి మీరే చూసుకోండి.”

నెల్డా నవ్వేసింది. ఇంట్లో దుప్పట్లు ఉతకాలి, పొయ్యి తుడవాలి, ఆయన్ను మళ్ళీ ఒంటరిగా వదలలేనంది. కుర్చీ కిర్రుమన్న చప్పుడైంది. ఆర్విల్ లేచి, గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్ళి, కొక్కేనికున్న ఆమె కోటును ఎడమచేత్తో లాగాడు. అది నేల మీద పడింది. వంగి తీయలేక, కర్ర కొసతో ఆమె వైపు నెట్టాడు.

“వెళ్ళు.”

ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్ళో అయింది. ఆమె ఆయన మొహం వంక చూసింది. తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది ఆయనకు. పెదాలు ఇంకా ఆ మాట ఆకారంలోనే ఉన్నాయి. నెల్డా కోటు తొడుక్కుంది.

క్లబ్బంటే ఊరిబయట కంకర తవ్వి వదిలేసిన గొయ్యి. మూడు పక్కలా మట్టిగోడ, మిగిలిన పక్క బల్లలు, పైన రేకుల పందిరి. చెవులకు తొడుగులు పెట్టుకున్నా మొదటి పేలుడుకు నెల్డా వాటి మీద చేతులు కూడా నొక్కుకుంది. నాలుగోదానికి అలవాటైంది. ఆ తర్వాత ఆమె చూపు మనుషుల మీదికి మళ్ళింది. స్కూలు బస్సు నడిపే మేవిస్, చిన్నప్పుడు బడిలో తన పక్క బల్లలో కూర్చున్న మనిషి, వెండి జుట్టు ముడేసుకుని ఒక కాలు ముందుకు పెట్టి నిలబడి కాలుస్తోంది. ఒక్కో గుండూ ఒకదాని పక్కన ఒకటి పడుతోంది.

వంతు అయ్యాక మేవిస్ వచ్చి పక్కన కూలబడింది. “ఏమే, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా? ఆర్విల్ ఎలా ఉన్నాడు? ఆయన లేక ఇక్కడ బొత్తిగా చప్పుడు లేదు.”

“ఇంత మోతలోనా?”

“ఇదో మోతా? ఆయన నోరు ఆపడానికే మేం తుపాకులు పేల్చేవాళ్ళం.”

ఆమె ఎవరి గురించి మాట్లాడుతోందో నెల్డాకు అర్థం కాలేదు. ఇంట్లో ఆర్విల్ ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా రోజుకు పది మాటలు దాటేవాడు కాదు. ఉప్పు ఇలా ఇయ్యి. మంచు పడేలా ఉంది. ఆ ఆర్విల్ ఇక్కడ ఇదే బల్ల మీద కూర్చుని మిల్లు ఫోర్‌మన్‌ను అనుకరించేవాడట. ఎలుగుబంటి ఎదురుపడిన కథ ప్రతి వేసవిలోనూ కొత్త ముగింపుతో చెప్పేవాడట. హాలిస్ కూడా వచ్చి చేరి, ఆ కథ తనకు తెలిసినంత చెప్పాడు. నెల్డా అడుగుతూ పోయింది. పాడేవాడా? పాడేవాడు, కానీ వినలేకపోయేవాళ్ళం. నా గురించి ఏమన్నా అనేవాడా?

మేవిస్ పెట్టెలోంచి ఒక గుండు తీసి దాని మూతి చూపించింది. అక్కడ ఇత్తడి అంచులు సీసం మీదికి చుట్టూ సమంగా ముడుచుకుని ఉన్నాయి.

“దీన్నిక్కడ ఏమంటామో తెలుసా? నెల్డా మడత. కొత్తగా ఎవరొచ్చినా చెప్పేవాడు. మా ఆవిడ దుప్పటి మడిచినట్టు రావాలి, ఎక్కడ మొదలైందో కనబడకూడదు అని. పెళ్ళయ్యాక నువ్వు మహా చండశాసనురాలివైపోయావని మేమంతా అనుకున్నాం.”

నెల్డా ఆ గుండును చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. అది తను చేసిందే. మొన్నో అటు మొన్నో.

పోటీ అయిపోయాక హాలిస్ పారతో మట్టిగోడ తవ్వి పెట్టాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని వేళ్ళతో జల్లించింది. దొరికిన గుండు తను పంపిన ఆకారంలో లేదు. మూతి విచ్చుకుని, ఇత్తడి రేకులు వెనక్కి ఒంపులు తిరిగి, మధ్యలో సీసం మెరుస్తోంది. తను అంత శ్రద్ధగా ముడిచిన ప్రతి మడతా ముడిచిన చోటే విడింది. ఎందుకు అక్కడే? వేగానికా, ఇసుకకా? రాళ్ళ మీద పడితే ఇంకోలా ఉంటుందా? హాలిస్‌కు తెలియదు. ఆర్విల్‌ను అడగాలి. ఎలా అడిగితే ఊఁ, కాదుల్లో జవాబు వస్తుందో ఆమె అప్పుడే వరసపెట్టుకోసాగింది.

మేవిస్ ఒక్కటి కాల్చి చూడమంది. నెల్డా కాల్చింది. గుండు బొమ్మకు ఎంత పక్కగా పోయిందో ఎవరికీ తెలియలేదు. ముగ్గురూ నవ్వారు.

ఇంటికొచ్చేసరికి ఎండ పెరట్లో ఏటవాలుగా పడుతోంది. వంటింట్లో రేడియో మోగుతోంది. కుర్చీ ఖాళీ. సూపు గిన్నె ఖాళీ. ఆమె నేరుగా షెడ్డుకు నడిచింది, దారిలోనే మొదలుపెట్టేసింది. “ఎలుగుబంటిని నువ్వు టోపీతో కొట్టావట గదా,” అంటూ తలుపు తోసింది.

ఆర్విల్ గోడకు తల ఆన్చి కూర్చుని ఉన్నాడు. కర్ర పక్కకు పడిపోయింది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది, తర్వాత చెంప మీద. చెంప చల్లగా ఉంది. పడిపోయిన కర్రను తీసి, ఎందుకో తెలియకుండానే, ఆయన మోకాలికి ఆనించింది.

ఫోను వంటింట్లో ఉంది. హాలిస్‌ను పిలవాలి, డాక్టరును పిలవాలి. పిలిస్తే జనం వస్తారు, ఆయన్ను తీసుకెళ్తారు. నెల్డా డబ్బా ఒకటి బోర్లించి ఆయన ఎదురుగా కూర్చుంది. మట్టిలోంచి తీసిన గుండును ఆయన ఎడమ అరచేతిలో పెట్టి, మధ్యాహ్నం చూసిందంతా మొదటి నుంచీ చెప్పింది. పందిరి, మేవిస్ నిలబడిన తీరు, తన గుండు దారితప్పడం.

“నా గురించి అన్నన్ని మాటలు అన్నావట. నిజమేనా?”

బయట ఏదో పిట్ట రేకు మీద వాలి ఎగిరిపోయింది. జవాబు కోసం ఆగే అలవాటు కొద్దీ ఆమె కాసేపు ఆగింది. తర్వాత ఫోను చేయడానికి లేచింది.

లేచినప్పుడు కనబడింది, ప్రెస్సు పిడి కిందికి దిగి ఉండటం. తను దాన్ని ఎప్పుడూ పైకెత్తే వదులుతుంది. బల్ల మీద సీసం ముక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. నాలుగైదు నేల మీద కూడా పడి ఉన్నాయి. ఒక ఇత్తడి గొట్టం వంగిపోయింది. ఒంటి చేత్తో, అదీ ఎడమ చేత్తో, ఎన్నిసార్లు జార్చుకుని ఉంటాడో.

నెల్డా పిడి పట్టుకుని మెల్లిగా పైకెత్తింది. గుండు బయటికొచ్చి ఆమె చేతిలో పడింది. దాని మూతి ఒక పక్కకు వాలిపోయింది. మడతలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. ఒక చోట మాత్రం, గోరంత మేర, ఇత్తడి అంచు అంచుకు సరిగ్గా కలిసి, ఎక్కడ మొదలైందో కనబడకుండా ఉంది.