స్తుతి కోసిన స్లైడు

జ్యోతిర్మయి స్తుతిని చూసి కుళ్ళుకుంటోందని బోటనీ డిపార్ట్‌మెంటులో అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. తెలియనిది స్తుతి ఒక్కదానికే. అది కూడా జ్యోతిర్మయికి ఒళ్ళుమంటే. మనం ఇంత కష్టపడి ఒకరిని ద్వేషిస్తుంటే వాళ్ళకి పట్టనే పట్టకపోవడం ఏమన్నా బాగుంటుందా?

ఇద్దరూ గుంటూరులో లక్ష్మీకాంత్ గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నారు. జ్యోతిర్మయి ఎప్పుడో చేరింది, స్తుతి నిన్నగాక మొన్న వచ్చింది. జ్యోతిర్మయి పరిశోధన చేస్తున్న మొక్క కుందేటికొమ్ములు. కనిగిరి కొండ మీద రాళ్ళ సందుల్లో పెరుగుతుంది. ఆకులుండవు, నీళ్ళు దాచుకున్న లావుపాటి కాడలే. గొర్రెలు కాసేవాళ్ళు తుంచుకుని పచ్చిగా నమిలేస్తారు. దాని మొగ్గలో, అండాశయం లోపల, ఆవగింజ కంటే చిన్న అండాలుంటాయి. ఒక్కోదానిలో ఒక తల్లికణం చీలి, వరసగా నాలుగు కణాలవుతుంది. మూడు ఎండిపోతాయి. మిగిలిన ఒక్కటే పెరిగి పెద్దదై, విత్తనానికి మూలమైన స్త్రీ బీజకణాన్ని తయారుచేస్తుంది.

ముందు దశలూ తర్వాత దశలూ అన్నీ జ్యోతిర్మయి దగ్గర స్లైడ్ల మీద ఉన్నాయి. నాలుగు కణాలూ బతికుండగా వరసలో ఉన్న దశ ఒక్కటే లేదు. అది లేకుండా థీసిస్ పంపనన్నారు సార్. పైగా, "ఎవరి మొగ్గలో ఆ దశ దొరికితే ఆ అధ్యాయం వాళ్ళదే" అని ఇద్దరి ముందూ అనేశారు. స్తుతికి కూడా అదే మొక్క మొగ్గలు ఇచ్చారు మరి.

మొగ్గల్ని కరిగిన మైనంలో పెట్టి దిమ్మలు కట్టి, మైక్రోటోమ్ అనే కోతమిషను మీద పొరలు పొరలుగా కొయ్యాలి. పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా సాగాలి. మే నెల ఎండకి జ్యోతిర్మయి దిమ్మలు మెత్తబడి, కోసినవి కోసినట్టే ముద్దలయ్యాయి. ఆవిడ ఎండని తిట్టుకోలేదు. కొండ కింద మిరపచేలకి కొట్టిన పురుగుమందు గాలికి మొగ్గలే చచ్చాయని తేల్చి, దిమ్మల్ని, పనికిరానివి మైనం కోసం కరిగించడానికి వేసే ట్రేలోకి విసిరికొట్టింది.

స్తుతిది కొత్తపట్నం. వాళ్ళూళ్ళో చేపలు పంపే థర్మకోల్ పెట్టె ఒకటి తెచ్చి, అందులో ఐసు నింపి, దిమ్మల్ని దాని మీద చల్లబరిచి కోసింది. రిబ్బన్లు బల్ల పొడవునా వచ్చాయి.

"ఇది ల్యాబా, చేపల బజారా?" అంది జ్యోతిర్మయి ముక్కు మూసుకుని.

"కడిగానక్కా, అయినా వాసన పోవట్లా" అని నవ్వింది స్తుతి.

"చెయ్యంటే ఈ అమ్మాయిదమ్మా" అన్నారు సార్. ఆ మాటకి జ్యోతిర్మయికి ఆ పూట అన్నం సయించలేదు.

సోమవారం స్తుతి మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టి సార్‌ని పిలుచుకొచ్చింది. కంటి ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఆయన సన్నపనికి జ్యోతిర్మయి కళ్ళనే నమ్ముకున్నారు.

"నువ్వు చూడమ్మా ముందు."

జ్యోతిర్మయి వంగి చూసింది. నాలుగు కణాలు. ఒకదాని కింద ఒకటి, గోడలు స్పష్టంగా, అడుగుది కాస్త పెద్దదిగా. ఇన్నేళ్ళూ కలలోకి కూడా వచ్చిన బొమ్మ. అంత అందంగా ఉన్నందుకు ఏడుపొచ్చింది. దొరికింది మాత్రం ఈ పిల్లకి.

"ఇవి కణాలు కావు సార్" అంది తల ఎత్తకుండానే. "కోతలో పడ్డ మడతలు. మొగ్గ కూడా చెడింది. ఎగ్జామినర్ ముందు పెడితే నవ్వుతాడు."

"అంతేనంటావా?"

"అంతే సార్."

ఆ ల్యాబులో పనికిరాదన్న స్లైడు బల్ల మీద ఉండకూడదు. వెంటనే యాసిడ్ జాడీలో పడాలి, గాజు కడిగి మళ్ళీ వాడుకోవాలి. సార్ స్లైడు తీసి జాడీ వైపు నడిచారు.

స్తుతి మొహం వాడిపోయింది. "అయ్యో అక్కా, అది నీ దిమ్మే! ట్రేలో పడేశావుగా, ఐసు మీద పెట్టి చూద్దామని కోశా. నీ అధ్యాయం పూర్తవుద్దని ఎంత సంబరపడ్డానో!"

జ్యోతిర్మయి చటుక్కున తల ఎత్తింది. సార్ జాడీ మూత తీశారు.

"ఆగండి సార్! అవి మడతలు కాదు. నాలుగూ కణాలే."

ఆయన చెయ్యి ఆగింది. "ఇందాక కాదన్నావు?"

జ్యోతిర్మయి ఆయన చేతిలోని స్లైడు వైపే చూసింది.

"ఇందాక... స్తుతిదనుకున్నాను సార్."

ఆయన జాడీ మూత పెట్టేశారు. స్లైడు తెచ్చి జ్యోతిర్మయి చేతిలో పెట్టారు. "అధ్యాయం నీదే. కోసింది స్తుతి అని అందులో రాయి" అని, ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయారు.

ఇన్నాళ్ళు వెతికింది చేతిలో ఉంది. జ్యోతిర్మయికి దాన్ని మళ్ళీ చూడబుద్ధి కాలేదు. స్తుతి తన బల్ల దగ్గర కత్తి తుడుచుకుంటోంది.

"స్తుతీ, నీ పేరు మొదటి పేజీలోనే రాస్తాను."

స్తుతి కత్తిని పెట్టెలో సర్ది, మూత వేసింది.

"మీ ఇష్టం మేడం" అంది.