కాంట మీద మాట

రాజలింగు తలమీద మొదటి కర్ర పడేసరికి, అతని తమ్ముడు రామ్‌దాస్ మెడలో పూలదండ ఇంకా వాడలేదు.

బోధన్ పక్క పల్లెలో చెరకు నరికి, మోపులు మోసి తమ్ముణ్ణి హైదరాబాద్ దాకా చదివించినవాడు రాజలింగు. ఆ తమ్ముడు భౌతికశాస్త్రంలో పెద్ద బహుమతి కొట్టి, పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఊరికి వచ్చాడు. ఇక చూడాలి జనం పిచ్చి! పాన్‌డబ్బాల్లో దేవుళ్ల పక్కన అతని ఫోటో. పుట్టిన పిల్లలకు అతని పేరు. వాన ఎప్పుడు పడుతుందని అడిగేవాళ్లు, నడుంనొప్పికి మందు అడిగేవాళ్లు. నిజం చెప్పాలంటే, అదంతా అతనికీ రుచించింది.

తుకారాం సేటు గానుగలో బండ్లు తూచే కాంట తక్కువ చూపిస్తోందని రాజలింగు రైతులను కూడగట్టి, మూడు రోజులుగా బండ్లు ఆపించాడు. సేటు తక్కువవాడా? రామ్‌దాస్‌ను పిలిపించి, దండ వేసి, మీరే పరీక్షించి చెప్పండన్నాడు. రామ్‌దాస్ తూకంరాళ్లు తెప్పించి కాంట పలక నడిమధ్యన పెట్టించాడు. మూడుసార్లూ ముల్లు సరిగ్గా నిలిచింది.

"కాంట సరిగనే ఉన్నది," అన్నాడు మైకులో.

అంతే. బండ్లు ఆగి చెరకు ఎండిపోతోందన్న కోపమంతా రాజలింగు మీదికి మళ్లింది. సేటు మనుషులు కర్రలు తీస్తే, అడ్డుపడాల్సిన రైతులే వాళ్లతో కలిశారు. పాత దోస్తు భోజన్న బండి గుంజ పీకి కంటిమీద కొట్టాడు. రామ్‌దాస్ ఉరకబోతే, సారుకు దెబ్బ తగుల్తదని పదిమంది అభిమానులు అతన్ని భుజాలకెత్తుకున్నారు. అక్కడినుంచే అన్న పళ్లు రాలడం చూశాడు. ఎంత తన్నుకున్నా వాళ్లు దించలేదు.

నిజామాబాద్ దవాఖానలో రాజలింగుకు ఒక కన్ను పోయింది. రెండోది సగం తెరిచి అడిగాడు.

"బండిని నడిమిట్ల నిలుపుతరా తమ్మీ? సేటు మనిషి ఎప్పుడు పలక మూలకే నిలుపుతడు, ఆడ తక్కువ సూపుతది. నన్ను అడగకపోతివి."

రామ్‌దాస్ పలక మూలలు చూడకుండా నడుమ ఒక్కచోటే తూచి ఊరుకున్నాడు. కాలేజీలో అడుగుపెట్టిన పిల్లవాడు కూడా చేయని తప్పది. వెంటనే గానుగకు పోయి, తూకంరాయిని పలక మూలకు దొర్లించాడు. కాపలావాడి కర్ర మణికట్టు మీద పడి ఎముక విరిగింది. అయినా ముల్లు చూసేదాకా కదల్లేదు. ముల్లు తగ్గింది.

ఆ సాయంత్రం బోధన్ బజారులో అతనికి సన్మానం. వాచిన చేత్తోనే మైకు పట్టుకున్నాడు.

"తప్పు నాది. కాంట దొంగది. మా అన్న చెప్పిందే నిజం. రండ్రి, సూపిస్త."

 చప్పట్లు మోగాయి. కాంట చూడటానికి మాత్రం ఎవరూ లేవలేదు. ముందు వరసలో భోజన్న కళ్లు తుడుచుకుంటూ పక్కవాడితో అన్నాడు.

"అన్న ఇజ్జత్ కోసం తప్పు మీదేసుకుంటున్నడు. ఎంత పెద్ద మనసు సారుది!"

ఆ మాట రామ్‌దాస్ చెవిన పడింది. వేదిక దిగి, భోజన్న గల్లా పట్టుకుని బాగున్న చేత్తో మూతి పగిలేలా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. భోజన్న చెయ్యి అడ్డం పెట్టలేదు. పెదవి రక్తం మింగుతూ, అంతటి సారు తనను ముట్టుకున్నాడని చేతులు జోడించి మురిసిపోతూ నిలబడ్డాడు.