పప్పు ఉడికే నీళ్లు

నర్సింహమ్మ ఇంటిముందు బావి సంగతి తెలియని పెళ్లిపెద్ద ఆ చుట్టుపక్కల ఉండేవాడు కాదు. గడ్డపోతారం దారిలో ఉన్న ఆ ఊళ్లో ఎవరింట లగ్గమైనా, పొద్దున్నే బిందెలు అక్కడికి రావాల్సిందే. తక్కిన బావుల నీళ్లు తాగడానికి బాగానే ఉండేవి గానీ, వాటిలో వేసిన పప్పు గులకరాళ్లలాగే మిగిలేది. ఈ బావి నీళ్లలో అయితే రెండు పొంగులకే వెన్నలా మెదిగేది. నీళ్లు మంచివా కావా అని ఆ ఊరు ఏనాడూ సీసాల్లో పట్టి చూడలేదు. గుప్పెడు కందిపప్పు వేసి చూసేది, అంతే. నర్సింహమ్మ మామ ఆ బావిని తవ్వించి ఊరికిచ్చాడు. పేరుకు పంచాయతీదే అయినా, కాపలా మాత్రం ఆమెదే.

ఇదంతా ఎగువన ఫ్యాక్టరీ రాకముందు మాట. వచ్చిన మూడో ఏడు బావి నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి, మీద నురగ తేలింది. నర్సింహమ్మ బొక్కెన తెచ్చి చూరుకు వేలాడదీసింది. చాంతాడు మాత్రం ఏటా కొత్తది పేనించేది.

"సచ్చిన బాయికి తాడెందుకు నర్సవ్వా?" అని పక్కింటి అక్తరీ బేగం నవ్వేది.

"పుట్టింటికి పోయిన కోడలు మళ్ల రాదా ఏంది? వచ్చేనాటికి మంచం నులక వదులైతే ఎట్ల?"

తొంభై ఐదులో సర్పంచ్ ఎలక్షన్లొచ్చాయి. నిలబడ్డది ఇద్దరు. కిష్టప్ప ఫ్యాక్టరీ మూయిస్తానన్నాడు. "మూస్తే నీ కొడుకులిద్దరు డ్యూటీకి యాడికి పోతరు మామా?" అని ఎవరో అడిగితే, "మూసేది ఐతారం నాడే లేరా" అని నవ్వించి జారుకున్నాడు. రెండోవాడు ఓదెలు, జీపుకు మైకు కట్టుకుని వచ్చాడు. రోడ్డు వెడల్పు చేయిస్తాడట, ఊరిచుట్టూ ప్లాట్లు పడతాయట, మంజీర నీళ్లు ఇంటింటికీ నల్లాలో వస్తాయట. ఇక పాత బావి పూడ్చి, దానిమీద దుకాణాలు కట్టిస్తాడట.

ఆ మాట వినేసరికి నర్సింహమ్మ చేతిలో చాట కింద పడేసి జీపుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఓటు నీకే ఏస్త ఓదెలూ. బాయి పూడ్వనని చెప్పు."

"గది సచ్చింది చిన్నమ్మా. బర్లు గూడ మూతి వెడ్తలేవు."

"నీ నోట్ల మన్ను వడ! రెండేండ్ల సంది వానలు దండిగ వడ్డయి. నురగ తగ్గింది. నీ లగ్గంల పప్పు ఏ నీళ్లతోని ఉడికిందో యాదికున్నదా? మూడుసార్లు పోపిచ్చుకొని తింటివి!"

జనం గొల్లుమన్నారు. ఓదెలు మైకు పక్కన పెట్టేశాడు.

"సరే. రేపు పొద్దుగాల అందరి ముంగట పప్పెయ్యి. ఉడికితే పూడిక తీపిస్త, గోడ గట్టిస్త. ఉడకకుంటే పూడుస్త. మళ్ల నన్ను అనొద్దు."

"అనను బిడ్డా."

తెల్లారి బావి పక్కనే మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది. బొక్కెన దించి నీళ్లు చేదింది. రంగు కొంచెం తేలికపడినట్టే కనిపించింది, లేక ఆమెకే అలా కనిపించిందో. ఆ నీళ్లు గంజుగిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టి, కొత్త కందిపప్పు, పసుపు వేసింది. పొంగు వచ్చింది. రెండో పొంగూ వచ్చింది. పప్పు కిందికీ మీదికీ తిరుగుతోంది గానీ, పలుకు మీద పలుకు అతకడం లేదు. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే జారిపోయింది. ఊరంతా చుట్టూ మూగి చూస్తోంది.

అక్తరీ వచ్చి జనానికి వీపు పెట్టి కూర్చుంది. కొంగుముడి విప్పి చిన్న కాగితం పొట్లం నర్సింహమ్మ అరచేతిలో పెట్టింది.

"వంట సోడా. చిటికెడు చాలు. అల్లా మాఫ్ చేస్తడు. నీ బాయి బతుకుతది."

నర్సింహమ్మ పిడికిలి మూసింది. పెళ్లయి వచ్చిన కొత్తలో మామ తనతో మొదటి బిందె చేదించిన రోజు గుర్తొచ్చింది. ఆ నీళ్లకు ఒక తీపి ఉండేది. నాలుక మీద ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది, మింగబోతే ఉండదు.

"అవ్వా!" అని పిలిచింది ఎదురింటి కౌసల్య. ఐదో నెల కడుపు, చంకలో ఖాళీ బిందె. "ఉడికితే మొదటి బిందె నాదే. ట్యాంకర్ కాడ లైన్ల నిలవడ చాతనైతలేదు."

నర్సింహమ్మ ఆ బిందెకేసి చూసింది. పొట్లం తీసి బొడ్లో దోపుకుంది. తెడ్డు రాయి మీద పెట్టింది.

"ఉడకలే ఓదెలూ."

గెలిచినవాడు నవ్వుతాడనుకున్నారంతా. ఓదెలు వంగి, గంజులోంచి ఒక పలుకు తీసి వేళ్లతో నలిపి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇంకో గంట ఆగుదామా చిన్నమ్మా?"

"వద్దు బిడ్డా. కట్టెలు దండుగ."

ఎలక్షన్లోనూ ఓదెలే గెలిచాడు. ఆమె ఓటు కూడా అతనికే పడింది, ఇచ్చిన మాట కదా. నెల తిరగకముందే బావి పూడ్చడానికి బూడిద నింపుకున్న లారీలు వచ్చి ఆగాయి. నర్సింహమ్మ డ్రైవర్‌ను జరసేపు ఆగమని చెప్పి, ఆ ఏడు పేనించిన చాంతాడుతో చివరి బొక్కెన చేదుకుని ఇంట్లోకి పోయింది.

బయట లారీ బావిలోకి బూడిద ఒంపిన చప్పుడు వినిపించింది. పొయ్యి మీద చిన్న గంజు, అందులో గుప్పెడు పప్పు.

"గిప్పుడు ఏం సూస్తున్నవ్ నర్సవ్వా?" గోడమీంచి అక్తరీ అడిగింది.

"ఏం లేదు లే. జెర ఆగు."

పలుకు నొక్కి చూసింది. పొయ్యిలోకి ఇంకో కట్టె జరిపింది.